అన్నం పక్కన ఏముంది?

పశ్చిమగోదావరి జిల్లా నరసాపురం ప్రాంతంలో ఆడపిల్లకు ఐదో నెల వచ్చిందంటే పుట్టింటివాళ్ళు చలిమిడి పట్టుకొస్తారు. బియ్యప్పిండి, బెల్లం పాకం, నెయ్యి, వేయించిన కొబ్బరి ముక్కలు, గసగసాలు కలిపి చేసిన ఆ ముద్దను కడుపు చలవ అంటూ ఒళ్ళో పెడతారు. ఆ తర్వాత ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో శ్రీమంతం. గాజులు, పూలు, పసుపు కుంకాల పక్కనే లడ్డూలు, మైసూరుపాకాలు, తాపేశ్వరం కాజాలు, ఆత్రేయపురం పూతరేకులు పళ్ళేల నిండా బారులు తీరతాయి. అక్షింతలు వేసిన పెద్దావిడలు అనే మాట దాదాపు ఒకటే: "వట్టి మనిషివి కాదమ్మా, ఇద్దరి తిండి తినాలి."

ఆ మాటలో ఉన్న ప్రేమను శంకించక్కర్లేదు. లెక్కే తప్పు. ఆ తప్పు లెక్క వల్ల కడుపుతో ఉన్న పిల్లకు బరువు పెరుగుతోంది, రక్తం పెరగడం లేదు.

2019-21లో జరిగిన ఐదో విడత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆంధ్రప్రదేశ్ గురించి చెప్పిన రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడాలి. గర్భిణుల్లో 53.7 శాతం మందికి రక్తహీనత. 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో 36 శాతం మందికి ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువు. ఒకటి లేమి వల్ల వచ్చేది, మరొకటి కలిమి వల్ల వచ్చేది అనుకోవడం అలవాటు. నిజానికి రెండూ ఒకే వీధిలో ఉంటాయి, ఒకే ఇంట్లో ఉంటాయి, ఒక్కోసారి ఒకే మనిషిలో ఉంటాయి. ఒళ్ళు చేసిన పిల్లను చూసి "పిల్ల బాగుంది, బలంగా ఉంది" అని ఇంటిల్లిపాదీ ధీమాగా ఉంటారు. ఆసుపత్రిలో వేలు పొడిచి చూస్తే హిమోగ్లోబిన్ తొమ్మిది దగ్గరే ఉండవచ్చు. గర్భిణికి పదకొండుకు తగ్గకూడదు.

డెల్టాకు అన్నం కొరత ఎప్పుడో తీరింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి నీళ్ళు కాలువలెక్కాయి. 1925లో మొదలైన మారుటేరు వరి పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ రకం ఈ జిల్లా దాటి దేశంలో ఎన్నో రాష్ట్రాల పొలాలకు పాకింది. గింజ దొరకని రోజుల్లో కడుపుతో ఉన్న మనిషికి మరో గరిటె అన్నం పెట్టడమే పెద్ద వైద్యం. ఇప్పుడు అన్ని ఇళ్ళలోనూ అన్నం ఉంది. మన అలవాటు మాత్రం ఇంకా ఆ గరిటె దగ్గరే ఆగిపోయింది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం గర్భిణికి నాలుగో నెల నుంచి రోజుకు అదనంగా కావలసింది 350 కిలోక్యాలరీలు. మొదటి మూడు నెలల్లో అదనమేమీ అక్కర్లేదు. వేవిళ్ళతో సతమతమయ్యే ఆ రోజుల్లో తిన్నది కడుపులో నిలిస్తే అదే పదివేలు. ఇంతకీ 350 అంటే ఎంత? ఒక గ్లాసు గేదెపాలు, ఒక ఉడికించిన గుడ్డు, చారెడు వేరుశనగపప్పు. అంతే. అవే క్యాలరీలు వంద గ్రాముల బియ్యంలోనూ ఉన్నాయి. కాకపోతే వంద గ్రాముల తెల్ల బియ్యంలో మాంసకృత్తులు 8 గ్రాముల లోపే. పాలు, గుడ్డు, వేరుశనగలు కలిస్తే అంతకు రెట్టింపు. చివరి మూడు నెలల్లో గర్భిణికి రోజూ అదనంగా 22 గ్రాముల మాంసకృత్తులు కావాలని అదే సంస్థ చెబుతోంది. వాటిని అన్నంతోనే రాబట్టాలంటే పావుకిలో పైన బియ్యం అదనంగా వండుకోవాలి, దాంతోపాటు దాదాపు వెయ్యి క్యాలరీలు ఒంట్లోకి వస్తాయి. బరువు పెరిగేది అక్కడే. బిడ్డకు అందాల్సినది అందకపోయేదీ అక్కడే.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు 1918లో నీలగిరుల్లోని కూనూరులో తిండికీ జబ్బులకూ ఉన్న సంబంధాన్ని పరిశోధించడానికి చిన్న ప్రయోగశాల పెట్టాడు. భారతదేశంలో ఒక్కో ప్రాంతంవాళ్ళు తినే భోజనాన్ని ఒక్కో గుంపు ఎలుకలకు పెట్టి వాటి ఎదుగుదలను పోల్చాడు. రొట్టె, పాలు, వెన్న, పప్పు, ఆకుకూరలు ఉన్న పంజాబీ సిక్కుల భోజనం తిన్నవి అన్నిటికన్నా బాగా ఎదిగాయి. మర పట్టిన బియ్యమే ప్రధానమైన మద్రాసు భోజనం తిన్నవి అన్నిటికన్నా వెనకబడ్డాయి. గోదావరి జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. ఆ చిన్న ప్రయోగశాలే 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. అంటే అన్నంతో మాత్రమే ఒళ్ళు నిలవదని మనకు చెప్పిన సంస్థకు నూరేళ్ళు దాటాయి.

అదే కాలంలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చింది. అక్కడ బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఇళ్ళ ఆడవాళ్ళు కడుపుతో ఉన్నప్పుడు ఒక రకం రక్తహీనతతో చనిపోతున్నారు. ఐరన్‌కు లొంగని రక్తహీనత అది. ఆమె బొంబాయిలోనూ కూనూరులోనూ పరిశోధన చేసి, ఈస్టు నుంచి తీసిన మార్మైట్ అనే చవక పదార్థం పెడితే ఆ స్త్రీలు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించింది. ఈస్టులో ఉన్న ఆ మందేమిటో ఆమెకు తెలియదు. 1941లో అమెరికా శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి దాన్ని కొద్దిగా వేరుచేసి, లాటిన్‌లో ఆకు అనే మాట మీద ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి మాత్రగా అందరికీ అందే దారి వేసింది లెడర్లీ సంస్థలోని బృందం. దానికి నాయకుడు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు పుట్టింది 1895లో, భీమవరంలో. నరసాపురంలో రైలెక్కితే పాలకొల్లు, వీరవాసరం దాటాక వచ్చే ఊరే. ఆయన అన్నదమ్ములు ఇద్దరిని స్ప్రూ అనే పేగుల జబ్బు బలి తీసుకుంది. ఫోలిక్ ఆమ్లం ఆ జబ్బుకూ మందే. ప్రపంచంలో ఏ దేశంలోనైనా నెల తప్పిన ఆడమనిషి చేతిలో డాక్టరు పెట్టే మొదటి మాత్ర వెనక పశ్చిమగోదావరి మనిషి శ్రమ ఉంది. అటువంటి జిల్లాలో ఒక గర్భిణి ఆ మాత్ర వేసుకోకుండా నెలలు గడిపేస్తే బాధ మరీ ఎక్కువగా ఉంటుంది.

ఆ మాత్ర విషయంలో పెద్దవాళ్ళు తెలుసుకోవలసిన ఒక తేదీ ఉంది. కడుపులో బిడ్డ వెన్నుపాము, మెదడు తయారయ్యే గొట్టం మూసుకునేది గర్భం నిలిచిన 28 రోజుల లోపే. చాలామందికి నెల తప్పిందని అప్పటికింకా తెలియనే తెలియదు. ఫోలిక్ ఆమ్లం ముందునుంచీ వేసుకుంటే వెన్నులోపాలు చాలావరకు తప్పుతాయని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి పెద్ద ఎత్తున పరీక్షించి తేల్చింది. మన ఇళ్ళలో పెళ్ళయిన మూడో నెల నుంచే "విశేషం ఏమైనా ఉందా?" అని అడుగుతారు. అడిగే హక్కు ఉందనుకునేవాళ్ళు ఆ రోజే ఫోలిక్ మాత్ర కూడా మొదలుపెట్టించాలి.

డెల్టా వంటింట్లో అన్నం పక్కన పెట్టడానికి ఏమీ లేక కాదు. పెరట్లో మునగచెట్టు, గట్టు మీద పొన్నగంటి, పందిరి మీద బచ్చలి, సంతలో తోటకూర, గోంగూర, చుక్కకూర. కంద బచ్చలి లేకుండా ఇక్కడ పెళ్ళి భోజనమే ఉండదు. పొద్దున దిబ్బరొట్టె, పెసరట్టు వేసుకుంటే అవి మినుముల, పెసల బలం. చెరువుల్లో శీలావతి, కట్ల, కొర్రమీను. సముద్రం ఒడ్డున మెత్తళ్ళు. ఇన్ని ఉన్నా వడ్డన ఎలా సాగుతుందో గమనించాలి. పప్పుతో ఒకసారి అన్నం, పచ్చడితో ఒకసారి, పులుసుతో ఒకసారి, పెరుగుతో చివరిసారి. నాలుగుసార్లు అన్నం పడుతుంది, కూర నంజుడుగా మిగులుతుంది. రోజు మొత్తంలో తినే క్యాలరీల్లో 45 శాతానికి మించి ధాన్యాల నుంచి రాకూడదని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన విస్తరిలో అన్నం వాటా దానికి ఎక్కడో పైన ఉంటుంది. కడుపుతో ఉన్న పిల్లకు ముందు ఆకుకూర పప్పు గిన్నెడు, కూర గిన్నెడు వడ్డించి, అన్నం దాని తర్వాత పెట్టడం కష్టమైన సంస్కరణ కాదు. ఖర్చు కూడా పెరగదు. గరిటె పట్టుకున్న చెయ్యి వరస మార్చుకోవాలి, అంతే.

కానీ గరిటె ఎవరి చేతిలో ఉందో, ఆ ఇంట్లో ఎవరు ముందు తింటారో చూడకుండా ఈ మాట చెప్పడం అన్యాయం. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ అల్లిక చుట్టుపక్కల పల్లెల్లో వేలాది ఆడవాళ్ళకు ఆధారం. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1970ల చివర్లో ఇక్కడే ఉండి వాళ్ళ జీవితాల్ని పరిశీలించి 1982లో పుస్తకం రాసింది. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే ఈ ఆడవాళ్ళను ఊళ్ళో వాళ్ళెవరూ కార్మికులనే అనుకోవడం లేదని, "ఇంట్లో ఖాళీగా ఉండి చేసుకునే పని" అని తీసిపారేస్తున్నారని ఆమె చూపించింది. ఇంటి చాకిరీ అంతా అయ్యాక అరుగు మీద కూర్చుని, నడుం వంచి, దారం కండె ఒళ్ళో పెట్టుకుని అల్లే మనిషి కడుపుతో ఉంటే ఆమె ఏం తింటుంది? అందరూ తిన్నాక మిగిలింది. సాధారణంగా మిగిలేది అన్నం, పులుసు. చేప ముక్కలు అంతకుముందే అయిపోతాయి. మధ్యలో ఆకలేస్తే టీ, దానిలో రెండు బిస్కెట్లు. టీలో ఉండే పదార్థాలు భోజనంలోని ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. గంటల తరబడి కదలకుండా కూర్చోవడం వల్ల పెరిగే బరువు ఒకవైపు, కూర లేని అన్నం వల్ల తగ్గే రక్తం మరొకవైపు. ఈ మనిషికి "తక్కువ తిను" అని చెప్పడం ఎంత తప్పో, "ఇద్దరి తిండి తిను" అని చెప్పడం అంతే తప్పు.

బరువు ఎంత పెరగాలన్న ప్రశ్నకు మన దేశ ప్రభుత్వ మార్గదర్శకాలు ఇచ్చే జవాబు 9 నుంచి 11 కిలోలు. మొదటి మూడు నెలలు దాటాక నెలకు సుమారు రెండు కిలోలు. ఒక్క నెలలో మూడు కిలోలు దాటి పెరిగితే అది తిండి వల్లే అనుకుని సరిపెట్టుకోకూడదు. కవలలు కావచ్చు, చక్కెర కావచ్చు, రక్తపోటుతో వచ్చే గుర్రపువాతం ముందుసూచన కావచ్చు, వెంటనే చూపించాలి. నెలకు రెండు కిలోల దారిలో పెరుగుతున్న ఆ బరువంతా కొవ్వు కాదు. బిడ్డ మూడు కిలోలు, మాయ అర కిలో పైన, ఉమ్మనీరు కిలో దాకా, పెరిగిన గర్భసంచి ఒక కిలో, అదనపు రక్తం కిలో పైన, ఒంట్లో చేరిన నీరు, పాలిచ్చే రోజులకని శరీరం దాచుకునే కొవ్వు. ఇది తెలిస్తే అద్దంలో చూసుకుని బెంగపడే అమ్మాయికి కొంత ఊరట.

అందరికీ ఒకే అంకె సరిపోదు కూడా. అమెరికాలోని వైద్య సంస్థ 2009లో ఇచ్చిన లెక్క గర్భానికి ముందున్న బరువును బట్టి మారుతుంది. దాన్ని మన వైపు తెచ్చి చెప్పుకుంటే ఇలా ఉంటుంది. అయిదడుగుల పొడవున్న అమ్మాయి 43 కిలోలకు తక్కువ ఉంటే ఆమె పన్నెండున్నర నుంచి 18 కిలోలు పెరగాలి. 43 నుంచి 58 మధ్య ఉంటే పదకొండున్నర నుంచి 16. 58 దాటితే 7 నుంచి పదకొండున్నర. 70 దాటితే 5 నుంచి 9 చాలు. మన ఒళ్ళకు తక్కువ బరువులోనే చక్కెర జబ్బు వస్తుంది కాబట్టి 53 కిలోలు దాటిన దగ్గరనుంచే జాగ్రత్త మొదలవ్వాలని ఆసియా ప్రమాణాలు అంటాయి. ఈ లెక్కలో బక్కపిల్లకు తిండి పెంచాలి, లావుపిల్లకు తిండి మార్చాలి. ఎవరికీ మాన్పించకూడదు. కడుపుతో ఉండగా పస్తులు, బరువు తగ్గే పొడులు, రాత్రి భోజనం మానేయడం వంటివి బిడ్డ నోటికాడ కూడు తీసేయడమే. లావున్న గర్భిణిని పది మందిలో నిలబెట్టి "ఇలా తింటే ఎలా?" అని కసిరే వైద్య సిబ్బంది, నవ్వే బంధువులు ఆ పిల్లను మళ్ళీ తూకం దగ్గరకు రానివ్వరు. ఆ తర్వాత ఆమె బరువు ఎవరికీ తెలియదు.

డెల్టా తీపి గురించి కూడా చెప్పుకోవాలి. గర్భం వచ్చాక ఒంట్లో ఇన్సులిన్ పని మందగిస్తుంది. అందుకే కొందరికి అంతకుముందు లేని చక్కెర జబ్బు కడుపుతో ఉండగా బయటపడుతుంది. తల్లి రక్తంలో చక్కెర పెరిగితే బిడ్డ అతిగా పెరిగి కాన్పు కష్టమవుతుంది, పుట్టగానే బిడ్డకు చక్కెర పడిపోవచ్చు. దీన్ని పట్టే పరీక్ష తేలిక. 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించి రెండు గంటల తర్వాత రక్తం చూస్తారు. 140 గానీ అంతకు పైన గానీ ఉంటే చక్కెర ఉన్నట్టే. ముందు పరగడుపున ఉండక్కర్లేదు. కాబట్టి సఖినేటిపల్లి నుంచి పంటు దాటి మధ్యాహ్నానికి నరసాపురం చేరిన మనిషికి కూడా ఆ పూటే చేసెయ్యవచ్చు. మొదటిసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి చేయాలని కేంద్ర ప్రభుత్వ నిబంధన. ఆ రెండోసారి వచ్చేది సరిగ్గా శ్రీమంతం లడ్డూలు ఇంటినిండా ఉన్న ఏడో నెల ముందూ వెనకల్లోనే. ఆ లడ్డూలు పంచుకుని తినాలి, చూలాలి గది అలమారలో దాచిపెట్టకూడదు. పుట్టింటి సారెలో ఒక కావిడి తీపి తగ్గించి, నువ్వులుండలు, వేరుశనగ చిక్కీ, రాగిపిండి, జామపళ్ళు, ఉసిరికాయలు పెడితే శాస్త్రమేమీ తప్పదు. చలిమిడి ఉండనే ఉంటుంది.

నమ్మకాల్లో అన్నీ కొట్టిపారేయదగ్గవి కావు. పచ్చి బొప్పాయి వద్దన్న పెద్దలు సరిగానే చెప్పారు, దాని పాలలో గర్భసంచిని కదిలించే గుణం ఉంది. బాగా ముగ్గిన పండుకు ఆ భయం లేదు. కుంకుమపువ్వు వల్ల బిడ్డ రంగు మారదు. ఆ డబ్బుతో ఎన్ని గుడ్లు వస్తాయో లెక్క వేసుకోవచ్చు. "ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టం" అని చివరి నెలల్లో తిండి తగ్గించే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. బిడ్డ బరువు పుంజుకునేది ఆ నెలల్లోనే కాబట్టి ఇది మాత్రం నిజంగా ప్రమాదం. వేవిళ్ళలో బియ్యం నమిలే పిల్లను "బియ్యం తింటే పెళ్ళిలో వాన" అన్న చిన్ననాటి మాట గుర్తుచేసి నవ్విస్తారు. బియ్యం, మట్టి, బలపాల మీదకు మనసు పోవడం చాలాసార్లు ఐరన్ తక్కువైందనడానికి గుర్తు. నవ్వుకున్నాక రక్తపరీక్షకు తీసుకెళ్ళాలి.

ప్రభుత్వం ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. నాలుగో నెల నుంచి కనీసం 180 రోజులు. మలం నల్లగా వచ్చిందనో, కడుపులో తిప్పిందనో పది రోజులకే అటక మీదకు చేరే మాత్ర అది. రాత్రి భోజనమయ్యాక నిమ్మరసంతో వేసుకుంటే వికారం తగ్గుతుంది, ఒంటికి బాగా పడుతుంది. పాలతోనూ టీతోనూ కాల్షియం మాత్రతోనూ కలిపి వేసుకోకూడదు. ఈ నాలుగు వాక్యాలు చెప్పడానికి ఆశా కార్యకర్తకు రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు దొరకని రద్దీలో మాత్రల అట్ట మాత్రం చేతిలో పెట్టి పంపితే ఫలితం ఉండదు.

ఇక చేప. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అనే సీమలో చేప తినమని ఎవరూ చెప్పక్కర్లేదు, తిన్నవాళ్ళలో గర్భిణి ఉందా అన్నదే ప్రశ్న. పులసే కానక్కర్లేదు. ముల్లుతో సహా తినే మెత్తళ్ళలో కాల్షియం ఉంటుంది, చెరువు చేప ఏడాది పొడవునా దొరుకుతుంది. ఎండబెట్టినవి అయితే ఉప్పు ఎక్కువ కాబట్టి తగ్గించాలి. సొర విషయంలో మాత్రం జాగ్రత్త. బాలింతకు పాలు పడతాయని సొరపిట్టు పెట్టడం తీరప్రాంతపు ఆచారం. సొర వంటి పెద్ద వేటచేపల ఒంట్లో పాదరసం పేరుకుంటుందని, గర్భిణులు, పాలిచ్చే తల్లులు దాన్ని మానాలని అమెరికా ఆహార సంస్థ చెబుతోంది. పిట్టు రుచి వేరే చేపతోనూ వస్తుంది.

గుడ్డు, పాలు కొనలేని ఇళ్ళ మాటేమిటి? 1975 అక్టోబరు 2న మొదలైన అంగన్‌వాడీ పథకం వాళ్ళ కోసమే. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన అమృతహస్తం, తెలంగాణలో 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి ఒక మంచి ఆలోచన మీద నడిచాయి. గర్భిణి కేంద్రానికి వచ్చి, కూర్చుని, అన్నం, పప్పు, కూర, గుడ్డు, పాలతో ఒక పూట నిండుగా తినాలి. అక్కడ తిన్న గుడ్డు ఆమె కడుపులోకే పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి నడిచిన సంపూర్ణ పోషణలో నెలకు 25 గుడ్లు, 5 లీటర్ల పాలు ఇచ్చారు. సరుకు మంచిదే. కానీ ఇంటికి చేరిన గుడ్డు అత్తగారికీ ఆడబిడ్డ పిల్లలకూ కూడా గుడ్డే. ఏ తల్లి ఎదుటి బిడ్డ అడిగితే లేదంటుంది? అందుకే వేడి భోజనం కేంద్రంలోనే పెట్టాలి. దూరాభారాల వల్ల ఇంటికే ఇవ్వాల్సి వచ్చినచోట కనీసం భర్తను, అత్తగారిని పిలిచి ఈ గుడ్డు ఎవరిదో చెప్పి ఇవ్వాలి. చౌకబియ్యంలో ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బి12 చేర్చిన గింజల్ని వందకు ఒకటి పాళ్ళలో కలిపినప్పుడు ప్లాస్టిక్ బియ్యం వచ్చాయని ఊళ్ళలో గగ్గోలు పుట్టింది, జనం ఏరి పారేశారు. గింజ కలిపినవాళ్ళు ముందుగా మాట కలిపి ఉంటే అది జరిగేది కాదు.

ఒక పూట భోజనంతో ఏమవుతుంది అనేవాళ్ళకు జవాబు మన దగ్గరే ఉంది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక ప్రయోగం చేసింది. వాటిలో 15 పల్లెల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీ ఉప్మా అందింది, తక్కిన పల్లెలకు పథకం ఇంకా రాలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళవాళ్ళయ్యాక పరిశోధకులు మళ్ళీ వెళ్ళి కొలిచారు. ఉప్మా అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. వాళ్ళ రక్తనాళాలు మరింత మెత్తగా ఉన్నాయి, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. ఒంట్లో కొవ్వు మాత్రం ఎక్కువ చేరలేదు. పేదింటి తల్లికి, పసిబిడ్డకు సమయానికి అందిన గిన్నెడు ఉప్మా పదిహేనేళ్ళ తర్వాత కూడా పిల్లల రక్తనాళాల్లో కనిపించింది.

కాన్పయ్యాక పథ్యం మొదలవుతుంది. కాయం, వెల్లుల్లి కారం, నెయ్యి, అన్నం. ఆకుకూర చలవ అని వద్దు, పండు జలుబు అని వద్దు, నీళ్ళు పొట్ట అని వద్దు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 క్యాలరీలు అదనంగా కావాలి, అంటే గర్భిణిగా ఉన్నప్పటి కన్నా ఎక్కువ. ఆ ఆరువందలూ నెయ్యన్నం రూపంలోనే వస్తే కడుపుతో పెరిగిన కిలోలు ఒంటి మీదే ఉండిపోతాయి, రెండో కాన్పు నాటికి ఆమె మొదలుపెట్టేది అక్కడినుంచే. కడుపుతో ఉన్నప్పుడు చక్కెర వచ్చిన తల్లికి కాన్పయిన ఆరు వారాలకు మళ్ళీ పరీక్ష చేయాలి, ఆ తర్వాత ఏడాదికోసారి, ఎందుకంటే ఆమెకు ముందుముందు మధుమేహం వచ్చే అవకాశం మిగతావాళ్ళకన్నా చాలా ఎక్కువ. ఆరు వారాలకు ఆమె పుట్టింట్లో ఉంటుంది. పరీక్షలు జరిగింది అత్తవారి ఊరి ఆసుపత్రిలో. బరువులు, హిమోగ్లోబిన్, చక్కెర అంకెలు రాసిన తల్లీబిడ్డల కార్డు ఏ బీరువాలోనో ఉంటుంది. మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డను ఎత్తుకుని, సారె సామానుతో ఆమె తిరిగి వచ్చేటప్పుడు ఆ కార్డు సంచిలో ఉండాలి. రేవు దాటి దిగగానే మొదట వెళ్ళాల్సింది ఆసుపత్రికి.